కల్లంలో నడక

ఏప్రిల్ తొమ్మిది, గురువారం. ఉదయం పదకొండు దాటాక గుంటూరులో ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును లైటుకు పెట్టి చూసి, నాగజ్యోతి ఎడమ కాలిలో వేసిన ప్లేటు విరిగిపోయిందని చెప్పాడు.

"ఎముక అతకలేదమ్మా. బరువంతా ప్లేటే మోసింది. అదెన్నాళ్ళని మోస్తుంది?"

నాగజ్యోతి ఆ గదిలోకి రావడం అదే మొదలు. కిందటి జూలైలో ట్రాక్టరు మీంచి ఎరువు బస్తా దించుతూ పడితే మోకాలి కింద ఎముక విరిగింది. ఆపరేషన్ తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా ఎక్స్‌రే తీయించుకుని ఆమె ఆటోలో కూచునేది. ఫిల్ము పట్టుకుని భర్త కోటేష్ లోపలికి వెళ్ళేవాడు. "ఆ మెట్లు నువ్వెక్కలేవులే" అనేవాడు. కాలు ఆమెది, డాక్టరుతో మాట ఆయనది.

"నవంబరులోనే మీ ఆయనకి చెప్పాను కదా. కాలు కింద పెట్టొద్దని, తుంటి ఎముక కాస్త తీసి విరిగినచోట పెట్టాలని. మిరప కోతలయ్యాక తీసుకొస్తానండి అన్నాడు. మీకు చెప్పలేదా?"

"చెప్పారండి," అంది నాగజ్యోతి.

ఎందుకలా అందో ఆమెకే తెలియలేదు. పెళ్ళయిన నాటి నుంచీ పరాయివాళ్ళ ముందు ఆయన మాట పోకుండా కాయడం అలవాటు. నోరు ఆ అలవాటు ప్రకారం పలికింది.

నవంబరులో ఆటో దగ్గరికొచ్చి కోటేష్ చెప్పింది వేరు. "బాగా నడవమన్నాడు. నడిస్తేనే అతుకుద్దంట." ఆమె నడిచింది. వంటింట్లో నడిచింది, పశువుల పాక దాకా నడిచింది. ఫిబ్రవరిలో కోతలు మొదలై కాయ కల్లానికి చేరాక, "ఆ నడకేదో కల్లంలో నడువు. కాయ తిరగబడుద్ది, కాలూ కుదురుకుంటది" అన్నాడు. పరిచిన మిరపకాయల మధ్య పాదాలు ఈడుస్తూ సాళ్ళు తీసుకుంటూ పోతే అడుగు కాయ పైకొస్తుంది, ఎండుతుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. నడుస్తున్నప్పుడు విరిగినచోట ఏదో కదిలేది. వైద్యం పనిచేస్తోంది కాబోలు అనుకునేది. రాత్రి వాచేది. నొప్పి బిళ్ళలు కోటేషే మర్చిపోకుండా తెచ్చిచ్చేవాడు. అది చూసి పక్కింటి మాబూబీ, "మీ ఆయన బంగారం అక్కా, మా ఆయన జొరమొచ్చినా గ్లాసుడు నీళ్ళియ్యడు" అంది. నాగజ్యోతి ఆ మాటకు నవ్వింది కూడా. మాబూబీ మేక కాళ్ళ పాయా వండి పంపితే తాగింది. రాగిజావ తాగింది. అయినా ఎముక అతకడం లేదని సిగ్గుపడింది. "ఆరు కాన్పులయ్యాయి నాకు, ఒక్కనాడు మంచం పట్టలా. ఈవిడ ఎముకలేంటో బియ్యప్పిండితో చేసినట్టున్నాయి" అని అత్త పుల్లమ్మ వాకిట్లో పోయేవాళ్ళకు చెబుతుంటే, లోపల కూర తరుగుతూ, నిజమే, నా ఒంట్లోనే ఏదో లోపం అనుకుంది. అంతకు ముందెప్పుడో కోటేష్ చెయ్యి విరిగినప్పుడు అదే అత్త కొడుక్కి అన్నం కలిపి ముద్దలు పెట్టింది. వేలు కదపనివ్వలేదు.

ఈ వారం కాలు వంకర తిరగడం కంటికి కనిపించింది. కోటేష్ ముందురోజే కాయ లోడుతో మిర్చి యార్డుకు వెళ్ళాడు. "ఇంకో పది రోజులు ఓర్చుకో" అని వెళ్ళాడు. ఆమె మాబూబీని తోడు తీసుకుని వచ్చింది.

"కొత్త ప్లేటు వెయ్యాలి, ఎముక పెట్టాలి. ఇక ఆలస్యం కుదరదు," అన్నాడు డాక్టరు. "మీ ఆయనతో మాట్లాడి రండి."

"ఆయనతో మాట్లాడింది చాలండి. నాతో చెప్పండి. ఇవాళే చేర్చుకోండి."

వీల్‌చైర్ కోసం వరండాలో కూచుని ఉండగా ఫోన్ మోగింది.

"ఎక్కడ చచ్చావు? మన ప్రత్తిపాడు మీద మబ్బు పట్టిందంట. మిగిలిన కాయంతా కల్లంలో ఉంది. అమ్మ ఒక్కతీ పట్టా లాగలేదు, పోయి కప్పు!"

"కాలు కింద పెట్టొద్దన్నాడంటగా డాక్టరు."

అవతల యార్డులో హమాలీల కేకలు వినిపించాయి.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు కోటేష్.

నాగజ్యోతి ఆ ప్రశ్న విన్నది. డాక్టరు అలా చెప్పలేదే అని ఆయన అనలేదు, అబద్ధమనీ అనలేదు. ఫోన్ ఆపేసి మాబూబీ చేతికిచ్చింది.

"వానొస్తే కాయ నల్లబడుద్దక్కా. మా ఆయన్ని పంపనా?"

"నేను దుప్పటి తెచ్చుకోలేదు. మీ ఆయన్ని దుప్పటి తెమ్మను."

మూడు దాటాక ప్రత్తిపాడులో వాన పడింది. కల్లంలో కాయ మీద పట్టా లేదు. ఆ సమయానికి నాగజ్యోతి ఆసుపత్రి మంచం మీద ఉంది. ఎడమ కాలు రెండు దిండ్ల మీద ఉంది.