మస్కట్ పళ్లెం

మస్కట్ పోయినవాళ్ళందరూ టేప్‌రికార్డర్లు తెచ్చారు, నైలాన్ చీరలు తెచ్చారు, సెంటు సీసాలు తెచ్చారు. మా ఆయన శశిధర్ రావు మాత్రం ఒక పళ్లెం తెచ్చాడు. చిన్నాచితకా పళ్లెం కాదు, అందులో పసిపిల్లను కూర్చోబెట్టి నీళ్ళు పోయొచ్చు. జగిత్యాల బస్టాండు నుంచి రిక్షాలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే మా వాడంతా బయటికొచ్చి చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏంది గిది?" అని అడిగాను.

"అన్నం తినేది. అక్కడ రూములోళ్ళందరం గిండ్లనే తింటుంటిమి."

"అందరు ఒక్కదాంట్లనా? ఎంగిలి గాదా?"

"మొదట నేను గూడ గదే అన్న. ఆకలైతే ఎంగిలి గాదు ప్రమీలా."

మనిషి మారిపోయి వచ్చాడు. ఇంట్లో అందరూ వచ్చి కూర్చుంటే తప్ప ముద్ద ముట్టడు. నన్ను కూడా కూర్చోమంటాడు. మగవాళ్ళ పంక్తిలో నేనెట్లా కూర్చుంటానని కసిరాను. లోపల మాత్రం సంతోషించాను, అబద్ధం ఎందుకు. పెళ్ళయినప్పటి నుంచి అడుగున మాడిన అన్నమే నా వంతు.

మా బావ దామోదర్ రావుకు ఇవేమీ నచ్చలేదు. మా ఆయనకు అన్న, ఇంటికి పెద్ద. "మస్కట్ పోయి మాదిగోని లెక్క తయారైనవురా" అని మొహం మీదే అన్నాడు. కోట లాంటి మా గడి పోయింది, పొలాలు బీడు పడ్డాయి, జగిత్యాలలో మూడు గదుల అద్దె ఇంట్లో ఉన్నాం. చింత చచ్చినా పులుపు చావలేదు మా బావకు.

మా ఊరు బుగ్గారం దగ్గర. ఆ చుట్టుపక్కలంతా నక్సలైట్ అన్నలు తిరగడం మొదలయ్యాక మా భూమిలోకి ఒక్క కూలీ కూడా రాలేదు. ఒకనాటి పొద్దున గడి తలుపు మీద ఎర్ర రంగుతో మా బావ పేరు రాసి ఉంది. ఆ రోజే బండి కట్టుకుని వచ్చేశాం. మా ఆయనను కోరుట్ల ఏజెంటు లతీఫుద్దీన్ మస్కట్ పంపాడు. స్టోర్‌లో పని అని చెప్పాడు, పోయాక చేతికి పార ఇచ్చారు. మా బావ ఇంట్లోనే ఉండిపోయాడు. గడప దాటి కిళ్ళీకొట్టు దాకా కూడా పోడు. ఈ ఎండాకాలంలో మా పక్క ఊరి పటేల్‌ను జగిత్యాలలోనే, పట్టపగలు, మంగలి షాపులో గడ్డం గీయించుకుంటుండగా కాల్చేశారు. అప్పటి నుంచి ఎవరు తలుపు కొట్టినా మా బావ పెరటి గదిలోకి పోతాడు.

ఆయన తప్పేం లేదని నేను అనను. బుచ్చయ్య అనే జీతగాడి బర్రె మా వరిలో పడితే, వాణ్ణి గడి ముందు ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టించాడు. పొద్దు తిరిగేదాకా దించనివ్వలేదు. బుచ్చయ్య నడుము ఆ రోజు పోయింది, మళ్ళీ లేవలేదు. నేను మేడ మీద కిటికీలోంచి చూశాను. అప్పటికి కొత్త కోడలిని, సిరిసిల్ల నుంచి వచ్చి నెల కూడా కాలేదు.

ఆ బుచ్చయ్యకు ఇద్దరు కొడుకులు. చిన్నవాడు దళంలో ఉన్నాడు. పెద్దవాడు పోశం మస్కట్‌లో ఉన్నాడు, మా ఆయన పడుకున్న మంచానికి పై మంచం మీద. దేవుడు అట్లా రాశాడు. ఒక్క గదిలో ఉండి ఒక్క పళ్లెంలో తిని వాళ్ళిద్దరూ దోస్తులయ్యారు. ఇప్పుడు పోశం కూడా సెలవు మీద వచ్చాడని తెలిసి మా ఆయన కబురు పెట్టాడు. నీ తమ్మునికి ఒక మాట చెప్పు, మా అన్నను ఇడిచిపెట్టుమని చెప్పు, అని.

పోశం నుంచి తిరుగు కబురొచ్చింది. "ఆదివారం పగటీలి అన్నానికి అస్త. పెద్ద దొర గూడ కూసోవాలె. గప్పుడు జెప్త."

మా బావ ప్రాణం ఒక్క పూట భోజనం మీదికి వచ్చింది. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ఎవరం పైకి అనలేదు.

శనివారం నాడు మా ఆయన అన్నను పళ్లెం ముందు కూర్చోబెట్టాడు. యాభై దాటిన మనిషికి అన్నం తినడం నేర్పడం చూస్తే నవ్వు రావాలి. నాకు రాలేదు.

"ఎవని ముందటిది వాడే తినాలెనే. నడుమ చెయ్యి వెట్టొద్దు. పక్కోని దిక్కు చెయ్యి పోవద్దు. మంచి ముక్క కనవడితే వాని దిక్కు జరపాలె."

"బుచ్చిగాని కొడుకు దిక్కు నేను ముక్క జరపాల్నా?"

"జరపాలె. వాణ్ని రా అనొద్దు. వాళ్ళ నాయిన్ని బుచ్చిగాడు అనొద్దు."

"జరపకపోతే ఏమైతది?"

మా ఆయన పళ్లెం అన్నకు ఇంకా దగ్గరగా జరిపాడు. మా బావ పళ్లెంలో చెయ్యి పెట్టి, ఉత్త అన్నం ముద్దను అవతలి వైపుకు మెల్లగా తోశాడు.

ఆదివారం పోశం సరిగ్గా వంట దిగేవేళకు వచ్చాడు. టెర్లిన్ చొక్కా, చేతికి గడియారం, చంకలో సంచి. గడప దగ్గర చెప్పులు విడిచి, "శశన్నా" అని పిలిచి నేరుగా లోపలికే వచ్చాడు. నన్ను చూసి, "బాగున్నవా వదినె?" అన్నాడు. వాళ్ళమ్మ నన్ను దొర్సానీ అని పిలిచి వాకిట్లోనే నిలబడేది. ముందు నా ఒళ్ళు మండింది. ఆ వెంటనే మనసుకు హాయిగా కూడా అనిపించింది. రెండూ నిజమే.

మా బావ చాప మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పోశం సంచిలో చెయ్యి పెట్టేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. పోశం ఖర్జూరం పొట్లం తీసి నా చేతికిచ్చాడు.

"పిల్లలకు" అన్నాడు. మా పిల్లలను పొద్దున్నే పక్కింటికి పంపేశాను.

పళ్లెం నిండా బగారన్నం పోసి, నడుమ మాంసం కూర పెట్టాను. ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. నేను చెంబు పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాను. మా బావ పోశాన్ని నువ్వు అనలేడు, రా అనే ధైర్యం లేదు. సగం మాటలు మింగుతూ, "బుచ్చయ్యకు... ఇప్పుడు ఎట్ల..." అన్నాడు.

"నడుము లేవదు దొరా. కూసుండే తింటడు, కూసుండే పంటడు."

పోశం ఆ మాట కోపంగా అనలేదు. కూరలో కారం సరిపోయిందని చెప్పినట్టు చెప్పాడు. నాకు అదే ఎక్కువ భయమేసింది.

మా బావ తల వంచుకుని గబగబా తిన్నాడు. నేర్పినట్టే తన ముందున్నదే తిన్నాడు. మూలుగ ఎముక ఒకటి కనబడితే వేలితో పోశం వైపు జరిపాడు. పోశం దాన్ని చూశాడు, మా బావ మొహం చూశాడు, తీసుకుని చప్పరించాడు. మా ఆయన నా వైపు ఒక చూపు చూశాడు. గండం గడిచినట్టే అనుకున్నాను.

మా బావకు కడుపు నిండింది. మిగతా ఇద్దరూ ఇంకా తింటున్నారు. ఆయన నా వైపు చూడను కూడా చూడకుండా, ఎప్పటిలాగే, కుడి చెయ్యి పళ్లెం మీదికి చాపాడు. నేను, ఎప్పటిలాగే, వంగి చెంబుతో నీళ్ళు పోశాను. ఆయన వేళ్ళు రుద్దుకుని కడుక్కున్నాడు. మా ఇంట్లో మగవాళ్ళు చెయ్యి కడిగేది కంచంలోనే. ఎవరి కంచం వారిదే అయినప్పుడు దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

ఎంగిలి నీళ్ళు పళ్లెమంతా పారాయి. పోశం ముందున్న అన్నం కిందికి పోయి, మాంసం ముక్కలను తేలగొట్టాయి. పోశం చేతిలో ముద్ద అట్లాగే ఉంది.

మా బావ తువ్వాలతో చెయ్యి తుడుచుకుంటూ, "ఏమైంది? ఎందుకు ఆపిన్రు?" అన్నాడు. ఆయనకు నిజంగానే తెలియలేదు.

మా ఆయన పోశం వైపు తిరిగాడు.

"పోశం, నా తప్పే. అన్ని జెప్పిన, గదొక్కటి జెప్పుడు మర్చిపోయిన."

పోశం ముద్దను పళ్లెం అంచున పెట్టాడు. "ఎట్ల మర్చిపోతివి శశన్నా? మొదటినాడు నువ్వు గూడ గిదే జేస్తివి గద. అందరి బువ్వల నీళ్ళు వోస్తివి."

"పోసిన."

"మా వాళ్ళు నిన్ను కొట్టకుండ నేనే ఆపిన. తర్వాత ఏం జేస్తివి?"

"మళ్ళ వండిన."

"ఏం వండినవు. సగం మాడింది, సగం ఉడకలే. గదే తిన్నం." అతని మొహంలో నవ్వు వచ్చినట్టే వచ్చి పోయింది. తర్వాత మా బావ వైపు తిరిగాడు.

అప్పుడు తెలిసింది మా బావకు. నీళ్ళలో నానుతున్న అన్నాన్ని చూశాడు. పోశం చేతిని చూశాడు. ఎవరూ చెప్పకుండానే ఆ నీళ్ళన్నంలో చెయ్యి పెట్టి తినసాగాడు. పిడికిళ్ళతో తీసి, మెతుకులు చొక్కా మీద పడుతుంటే తుడుచుకోకుండా, మింగుడు పడకపోయినా మింగుతూ తిన్నాడు. గడిలో ఉప్పు ఒక పిసరు ఎక్కువైతే కంచం వాకిట్లోకి విసిరేసిన మనిషి. నాకు జాలేసింది. బుచ్చయ్యను చూసిన కళ్ళతోనే ఈయన మీద జాలి పడుతున్నందుకు నా మీద నాకు కోపమూ వచ్చింది.

"వద్దన్నా" అన్నాడు మా ఆయన. మా బావ ఆగలేదు.

పోశం చెయ్యి చాపి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. మా ఇంటి మగవాళ్ళను పోశం ఇంటివాళ్ళు ముట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు.

"చాలు దొరా."

మా బావ చెయ్యి విడిపించుకోలేదు.

"మా తమ్ముడు ఒక్కటే అడుగుతడు. దొర మారిండా అని అడుగుతడు."

"ఏం జెప్తవు?" అన్నాడు మా బావ.

"మారలే అని జెప్త."

మా ఆయన తల పట్టుకున్నాడు. నేను చెంబు కింద పెట్టి తలుపు పట్టుకున్నాను.

"మారలే, గని భయపడ్డడు అని జెప్త" అన్నాడు పోశం. "వీపు మీద బండ వెట్టిననాడు మా నాయిన గూడ గిట్లనే, ఏం జేయమంటే గది జేసిండు. గప్పటి నుంచి ఎవ్వరిని ఒక్క మాట అనలే. భయపడ్డోని జోలికి పోయి ఏం ఫాయిద, ఇడిచిపెట్టున్రి అని జెప్త. వాడు నా మాట ఇంటడు. ఊరికి మాత్రం రాకు."

మణికట్టు వదిలేశాడు. ప్రాణం దక్కిందని నేను సంతోషించాలి. మా బావ మొహం చూస్తే చేతకాలేదు.

"వదినె, నా కడుపు నిండలే. ఇంకింత అన్నం ఉన్నదా?"

గిన్నె అడుగున నా వంతు ఉంది. ఆకు తెచ్చి, వేసి, ఉన్నదంతా పెట్టాను. పోశం తొందర లేకుండా కలుపుకుని తినసాగాడు. మా ఆయన తినకుండా పక్కన కూర్చున్నాడు.

మా బావ చేతికి మెతుకులు ఎండుతున్నాయి. నన్ను నీళ్ళు అడగలేదు. పోశం తినడాన్నే చూస్తూ అడిగాడు.

"నేను లేవొచ్చునా?"

పోశం తలెత్తాడు. "నీ ఇల్లు దొరా. నన్నడుగుడేంది?"

అయినా మా బావ అతను తినడం అయ్యేదాకా లేవలేదు.