చూసుకోండి

నీటి సరఫరా కార్యాలయంలో పెద్ద అధికారిగారికి సిబ్బంది పెట్టిన పేరు నిప్పు. ఎవరైనా మిఠాయి డబ్బా తెచ్చినా ఆయన గుమ్మం దాటనిచ్చేవారు కాదు. జనం ముఖాలు చూస్తే మొహమాటాలు మొదలవుతాయని గది తలుపు ఎప్పుడూ మూసే ఉంచేవారు. కొళాయి దరఖాస్తులన్నీ పెద్ద గుమాస్తా చేతుల మీదుగానే లోపలికి వెళ్లేవి. ఏ దరఖాస్తు ఎక్కడ ఆగినా అధికారిగారు తలెత్తకుండా ఒక్కటే మాట అనేవారు.

"మీరే చూసుకోండి."

గుమాస్తా బయటికి వచ్చి, బల్లల మీద కాచుకున్న వాళ్లతో మెల్లగా చెప్పేవాడు.

"సారు చూసుకోమన్నారండీ."

ఆ మాటకు అర్థం అడిగిన అమాయకుడు అక్కడ ఒక్కడూ లేడు. చూశారా, నిజాయితీపరుడి నోటిమాటే ఆ వసారాలో లంచానికి మారుపేరైంది! ఆ సంగతి తెలియనిది ఆయన ఒక్కరికే.

ఒక ఆదివారం అధికారిగారి ఇంటికి ఆయన అక్క వచ్చింది. తండ్రి పోయాక కుట్టుపని చేసి తమ్ముణ్ని చదివించిన మనిషి. ఊరి చివర చిన్న ఇల్లు కట్టుకుని, తమ్ముడికి మాట రాకూడదని కొళాయి కోసం అందరిలాగే దరఖాస్తు పెట్టుకుంది. మరదలు వంటింట్లోకి వెళ్లాక గొంతు తగ్గించి అడిగింది.

"తమ్ముడూ, ఆ కవరు నీకు చేరిందా? మధ్యలో వాళ్లే నొక్కేశారేమోనని."

"ఏం కవరక్కా?"

"నువ్వు చూసుకోమన్నావట కదరా. నేనేం అనుకోలేదులే. సంసారమన్నాక ఖర్చులుంటాయి."

తిట్టినా ఆయన తట్టుకునేవారు. ఆమె క్షమించేసింది. "నేను తినలేదక్కా" అంటే, "సరేలేరా" అంది, నమ్మని గొంతుతో. ఆయన సిగ్గుతో చచ్చిపోయారు.

మర్నాడు గుమాస్తాను పిలిచి నిలదీశారు. కాసేపు బుకాయించి, చివరికి తల వంచుకుని అన్నాడు గుమాస్తా.

"తమరే కదండీ చూసుకోమన్నారు. ఏం చూసుకుంటున్నావని ఇన్నేళ్లలో ఒక్కసారైనా అడిగారా?"

అధికారిగారు గుమాస్తా మీద పైకి నివేదిక పంపారు. అందులో తన నిర్లక్ష్యాన్నీ దాచకుండా రాశారు. తన బల్ల తెచ్చి హాల్లో జనం మధ్య వేయించారు. దరఖాస్తులు వచ్చిన వరుసలోనే కదలాలన్నారు. ఏదైనా ఆగితే ఎందుకు ఆగిందో గోడ మీద అందరికీ కనిపించాలన్నారు. ఏ పనీ ఒకే మనిషి చేతిలో పాతుకుపోకుండా సీట్లు మార్చడం మొదలుపెట్టారు. కొందరు మూతి ముడిచారు, ముడవనీ అనుకున్నారాయన.

అక్క వంతు వచ్చింది. వరుసలో నడిచి వచ్చి బల్ల ముందు నిలబడి, చేతిసంచిలో చెయ్యి పెట్టింది. మళ్లీ కవరేనేమోనని ఆయన వద్దనబోయారు. ఆమె కళ్లజోడు తీసి పెట్టుకుని, చూపించిన చోట సంతకం చేసింది.

"ఇంతేనా? ఇంకేమైనా చూసుకోవాలా?" అంది, అలవాటైన భయంతో.

హాలంతా వింటోంది. అధికారిగారు లేచి నిలబడ్డారు.

"ఏమీ లేదక్కా. నేను తినకపోతే చాలనుకున్నాను. నా తలుపు అవతల ఎవరు తింటున్నారో చూసుకోవాల్సింది కూడా నేనే."