దండెం దగ్గర రాసిన వేళలు

ఆదివారం ఉదయం, స్టేషను ఎదుట సైకిలు షాపు మేడమీది గదిలో జరిగిన రైలు అభిమానుల సంఘ సమావేశానికి హాజరైనవారు, వచ్చిన వరుసలో: సంఘ కార్యదర్శి అయిన రిటైర్డు ప్రిన్సిపాలు గారు, తొమ్మిదికి పది నిమిషాల ముందు; ఆయన బావమరిది అయిన ఫొటో స్టూడియో యజమాని, సరిగ్గా తొమ్మిదికి; ఆసుపత్రి కంపౌండరు, తొమ్మిదీ పదికి, క్షమాపణతో; చివరగా, సంఘంలో సభ్యురాలు కాని లాండ్రీ అక్క, తొమ్మిదీ పావుకి, ఎవరూ పిలవకుండానే.

ప్రిన్సిపాలు గారు ఈ వివరాలన్నీ మినిట్సు పుస్తకంలో స్వదస్తూరీతో నమోదు చేసి, గొంతు సవరించుకుని, రైల్వేవారి ప్రకటన చదివారు. ఉదయం ఏడూ నలభై ప్యాసింజరు నిత్యం ఆలస్యంగా నడుస్తోంది, ప్రయాణికులు తగ్గిపోయారు, కాబట్టి వచ్చే నెల ఒకటో తేదీ నుంచి రద్దు. అభ్యంతరం ఉన్నవారు తగిన ఆధారాలతో నేటికి తొమ్మిదో రోజున డివిజను కార్యాలయంలో విచారణకు హాజరు కావచ్చు.

ఆ స్టేషనులో ఆగే బండి అదొక్కటే. అది పోతే స్టేషనుకు తాళం పడుతుంది. ఆ తరువాత మేడమీద కూర్చుని, ఆగకుండా పోయే బండ్లను చూసి చేతులూపడం తప్ప సంఘానికి వేరే పని ఉండదు.

"మనకేం బెంగ సార్?" అన్నాడు కంపౌండరు. "ఇరవై రెండేళ్ల రిజిస్టర్లున్నాయి. బల్లమీద పడేస్తే వాళ్ల నోళ్లు మూతపడవూ?"

పదకొండు రిజిస్టర్లూ బీరువాలోంచి దిగాయి. వాటిలో లేనిదంటూ లేదు. కొత్త రంగు వేసుకుని వచ్చిన ఇంజను, రెండు ఇంజన్లు జతగా లాగిన గూడ్సు, నలభై రెండు చక్రాల క్రేను, అధికారుల తనిఖీ బండి, ఒక వర్షాకాలం వెనక్కి తిరిగి నడుచుకుంటూ వచ్చిన డీజిలు. పాత ఈలకూ కొత్త హారనుకూ మధ్య ఏది వినసొంపు అన్న చర్చ ఒక్కటే పదిహేడు పేజీలు ఆక్రమించింది. గంటంబావు వెతికినా ఏడూ నలభై ప్యాసింజరు మాత్రం ఎక్కడా తగలలేదు.

"దొరికింది బావగారూ!" అని అరిచాడు బావమరిది.

"ఏదీ? చదువు!"

"'ప్యాసింజరు అడ్డం రావడం వల్ల ఫొటో చెడిపోయింది.' నా దస్తూరే."

ప్రిన్సిపాలు గారికి తల కొట్టేసినట్లయింది. ముప్పై నాలుగేళ్లు హాజరు పట్టీ తప్పకుండా వేసిన మనిషి, రోజూ కళ్లెదుట హాజరయ్యే బండికి ఒక్క గీతైనా గీయలేదు.

"రోజూ వచ్చేదాన్ని ఎవరు రాస్తారు సార్!" అని నసిగాడు కంపౌండరు.

"నేను రాశాను," అంది గుమ్మం దగ్గర నిలబడ్డ లాండ్రీ అక్క.

ఔటర్ సిగ్నలుకూ ప్లాట్‌ఫారానికీ నడుమ, పట్టాలవారగా ఉంది ఆమె పెరడు. పట్నంలోని ఆసుపత్రి దుప్పట్లు అక్కడే ఉతికి, ఎనిమిది దండేల మీద ఆరవేస్తుంది. డీజిలు ఇంజను సిగ్నలు దగ్గర ఆగితే దాని పొగలోని మసి తడి దుప్పట్లకు పట్టుకుంటుంది. ఆపాటికి వాటిని అవతలి వైపుకు లాగేయాలి. అందుకని ఏ బండి ఎప్పుడొచ్చిందో, ఎంతసేపు ఆగిందో, ఎందుకాగిందో మూడేళ్లుగా పుస్తకంలో రాసుకుంటోంది. ఆరిన దుప్పట్ల మూటలు మళ్లీ ఆసుపత్రికి చేరేది ఆ ప్యాసింజరు చివర గార్డుండే బ్రేక్ వ్యానులోనే.

"ఆ బండి పోతే నా పని పోయినట్టే సార్," అంటూ మూడు పొడుగాటి నోటుబుక్కులు బల్లమీద పెట్టింది.

ప్రిన్సిపాలు గారు కళ్లజోడు సవరించుకున్నారు. "మీ గడియారం సరైన వేళ చూపిస్తుందా అమ్మా?"

"లేదు. ఆరు నిమిషాలు ముందుంటుంది."

"ఎందుచేత?"

"మా మరిది కోసం. లేకపోతే లేవడు."

మర్నాటి నుంచి నాలుగు రోజులపాటు ప్రిన్సిపాలు గారు తెల్లచొక్కా తొడుక్కుని, జేబుగడియారం చేతబట్టుకుని, ఉదయం ఏడింటికల్లా తడి దుప్పట్ల మధ్య నిలబడ్డారు. నాలుగు రోజులూ ప్యాసింజరు సకాలానికే వచ్చి సిగ్నలు దగ్గర ఆగిపోయింది. దాన్ని దాటుకుంటూ ఒక గూడ్సు తీరిగ్గా ముందుకు పోయింది. పన్నెండు నిమిషాలు, పదకొండు, పద్నాలుగు, పన్నెండు. ఆమె రాసిన వేళల నుంచి ఆరు నిమిషాలు తీసేస్తే ఆయన జేబుగడియారానికి అర నిమిషమైనా తేడా రాలేదు. చొక్కా మాత్రం నాలుగో రోజుకి ఏ రంగో చెప్పడం కష్టమైంది.

గురువారం సాయంత్రం నుంచి, వేళల్లో ఆ ఆరు నిమిషాలు తగ్గించి, నకలు రాయడానికి కూర్చున్నారు. వెయ్యీ నలభై ఆరు ఉదయాలు. వేళ్లు పట్టేస్తే వేడినీళ్లలో ముంచుకుని మళ్లీ రాశారు. శనివారం మధ్యాహ్నానికి లెక్క తేలింది: ఆలస్యమైన రోజులు ఆరువందల పద్దెనిమిది, వాటిలో గూడ్సు కోసం ఆపినవి ఐదువందల తొంభై తొమ్మిది. మిగిలిన పంతొమ్మిది రోజుల ఎదుట ఒకే ముక్క రాసి ఉంది: "మా మూటలు. ఎక్కించడం ఆలస్యం."

ప్రిన్సిపాలు గారు కలం మూతపెట్టి ఆమెకు కబురంపారు.

"ఈ పంతొమ్మిదీ మన వాదానికి అవసరం లేదమ్మా. వదిలేద్దాం," అన్నారు, ఎటో చూస్తూ.

బావమరిది కెమెరా తుడవడం ఆపాడు. "కామా మర్చిపోయిన పిల్లల్ని ఎండలో నిలబెట్టిన ప్రిన్సిపాలు మీరేనా బావగారూ?"

"నువ్వూరుకోవోయ్! ఆ రోజులు చూపిస్తే, ముందు ఈమె మూటలు ఎక్కించుకోవడం మానేయమంటారు. నష్టం ఎవరికి?"

"నాకే," అంది లాండ్రీ అక్క. "అయినా రాయండి సార్. మసి మరక లోపలికి పోయేట్టు దుప్పటి మడిచి పంపేయొచ్చు. ఎవరికీ కనబడదు. కానీ మంచమ్మీద పరిచేవాళ్లకి కనబడుతుంది. తర్వాత నేను ఉతికింది ఏదీ నమ్మరు. అవి తీసేసేటట్టయితే నా పుస్తకాలు నాకిచ్చెయ్యండి."

ప్రిన్సిపాలు గారు కలం మూత తీశారు. పంతొమ్మిది రోజులూ రాశారు. వాటి కింద ఎర్రసిరాతో గీత కూడా గీశారు.

విచారణకు ప్రిన్సిపాలు గారూ, లాండ్రీ అక్కా ఆ ప్యాసింజరులోనే వెళ్లారు. అది ఆరోజూ పదకొండు నిమిషాలు ఆలస్యం.

విచారణాధికారి నకలును చేతిలో తూచినట్లు ఎత్తి పట్టుకున్నాడు. "ఇంట్లో కూర్చుని ఎవరైనా రాయొచ్చు కదండీ ఇలాంటివి! మీకు అనుకూలంగా మీరే రాసుకుంటే సాక్ష్యమవుతుందా?"

ప్రిన్సిపాలు గారు లేచి నిలబడ్డారు. "ఎర్రగీత ఉన్న పేజీ తెరవండి. అక్కడ పంతొమ్మిది రోజులున్నాయి. ఆ రోజుల్లో ఆలస్యానికి కారణం ఈవిడ. ఆ మాట ఈవిడే రాసింది. మీ గార్డుల పుస్తకాలు తెప్పించి పోల్చుకోండి."

అధికారి ఆమె వైపు చూశాడు. "మీరేనా?"

"నేనేనండి. మూటలు బరువైతే మా మరిది చెయ్యి ఆడదు."

గార్డుల పుస్తకాలు వచ్చాయి. అధికారి ఆ పంతొమ్మిదిలోంచి తనకు తోచిన నాలుగు తేదీలు తీశాడు. నాలుగింటా నిమిషాలతో సహా ఆమె రాసినదే ఉంది. అప్పుడతను కుర్చీ దగ్గరగా లాక్కుని, గూడ్సు రోజులు ఒక్కొక్కటే సరిచూడసాగాడు. నలభై తేదీలు చూశాక కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. పైవాళ్లకు చేరే పట్టికలో ఆలస్యం మాత్రమే ఉంటుందనీ, కారణం రాసే గడి దానిలో లేదనీ ఒప్పుకున్నాడు.

వారం తరువాత ఉత్తర్వు వచ్చింది. రద్దు ఆరు నెలలపాటు నిలిపివేత. ఈలోగా గూడ్సు బండి, ప్యాసింజరు వెనకే నడవాలి. మూటలు పావుగంట ముందే ప్లాట్‌ఫారం చేరాలి, ఎక్కించడం రెండు నిమిషాలు దాటితే ఇక తీసుకోరు.

"అంటే నాలుగింటికే లేవాలన్నమాట," అంది లాండ్రీ అక్క, ఉత్తర్వు మడుస్తూ. "మా మరిది ముందు నన్ను రద్దు చేస్తాడు."

ఆ ఆదివారం ప్రిన్సిపాలు గారు నిలబడి చదివి, సభ్యులందరిచేతా సంతకం చేయించిన తీర్మానం ఇది:

"ఏడూ నలభై ప్యాసింజరు ఇంకా నడుస్తున్నదంటే అందుకు కారణం ఈ సంఘం రిజిస్టర్లు కావు. తన జీవనాధారానికే ముప్పు అని తెలిసి కూడా, తన వల్ల జరిగిన పంతొమ్మిది ఆలస్యాలను తన చేతితో రాసి, కార్యదర్శి తొలగించబోగా తొలగించనివ్వని లాండ్రీ యజమానురాలికి ఈ సంఘం కృతజ్ఞతాపూర్వకంగా నమస్కరిస్తున్నది."