రెండు అతుకుల ఉంగరం

ఉంగరాన్ని పట్టకారుతో పట్టుకుని కిటికీ వెలుగుకి తిప్పాడతను. కంటికి భూతద్దం ఆన్చాక కూడా రాయి జోలికి పోలేదు. రాళ్లు హాయిగా అబద్ధమాడతాయి. వలయం లోపలి ముద్ర కూడా ఆడుతుంది గానీ, కాస్త తడబడుతుంది. ఆ తడబాటు పట్టుకోవడమే అతని ఉద్యోగం. బజారంతా అతన్ని అద్దంగారంటుంది. మర్యాదకా వెక్కిరింతకా అంటే, వెక్కిరింతకేనని అతని అనుమానం.

"మా నాయనమ్మ పెళ్లినాటిదండీ. నూరేళ్లకి తక్కువుండదు," అన్నాడు బల్లకి అవతల నిలబడ్డ లావుపాటి మనిషి.

"ఆవిడ ఎప్పుడు పోయారు?"

"నేను పుట్టకముందే."

"అయితే పోయాక చేయించుకున్నారన్నమాట."

ఆ మనిషి మొహం ఎర్రబడింది. అద్దంగారు తాపీగా చూపించాడు. సుత్తిదెబ్బతో పడ్డ ముద్రకి అంచులు ఉబ్బుతాయి, వేలి రాపిడికి ఏళ్ల మీద అరిగిపోతాయి. ఇక్కడ వలయం కాగితంలా పల్చబడినా ముద్ర మాత్రం నిన్న పడ్డట్టుంది. యంత్రంతో కాల్చిన ముద్ర అది. బంగారానికి బంగారం ధర వస్తుంది, పాతదనానికి పైసా రాదు.

"మీకు కన్నతల్లి మీదైనా నమ్మకముందా?" అన్నాడా లావుపాటి మనిషి, ఉంగరం లాక్కుంటూ.

"ఆవిడ ఉంగరాలు పెట్టుకోలేదు."

పదకొండో ఏట బడి మానేసి, నగల పనివాళ్ల గదిలో బంగారప్పొడి ఊడ్చే పనిలో చేరాడు అద్దంగారు. ఊడ్చినవాడి గోళ్ల సందులు కూడా రోజూ దులిపించి పంపేవాళ్లు. దొంగతనం చెయ్యకుండానే దొంగలా నిలబడటం అలా అలవాటైంది. ఎదుటివాళ్లని నిలబెట్టడం తర్వాత నేర్చుకున్నాడు. తమ్ముడు పలకరిస్తే ఏం కావాలో అనుకునేవాడు. డాక్టరు మందు రాస్తే మందులషాపువాడితో లాలూచీ అనుకునేవాడు. తమ్ముడు పలకరించడం మానేశాడు. డాక్టరు మాత్రం రాస్తూనే ఉన్నాడు.

ముప్ఫై ఏళ్లలో అతను అద్దం పెట్టి చూడని మనిషి భార్య ఒక్కతే. పెళ్లికి తనే ఏరి తెచ్చిన పాత ఉంగరం ఆమె వేలికి తొడిగాడు. లోపల ముద్రగా చిన్న చేప, పక్కన ఒక అక్షరం. ఆ రోజు చూసిందే, మళ్లీ చూడలేదు. చూడనక్కర్లేని వస్తువంటూ ఒకటుండటం అతనికి గొప్ప సుఖం.

ఆ ఉంగరాన్నే పొద్దున ఆమె సబ్బు నురగతో కష్టపడి తీసి, కాగితంలో చుట్టి ఇచ్చింది. "కణుపు వాచిందండీ. కాస్త వదులు చేయించి తెండి."

మధ్యాహ్నం ఖాళీ దొరికాక పొట్లం విప్పాడు. చెయ్యి అలవాటుగా భూతద్దం తీసింది. చేప ఉంది, అక్షరం ఉంది. ముద్రకి అటొక గీత, ఇటొక గీత. వెంట్రుకంత సన్నని టంకం గీతలు.

మంచి ఉంగరంలోంచి ముద్ర ఉన్న ముక్క కోసి, నాసి ఉంగరంలో అతికించడం ఈ వ్యాపారంలో పాత మోసం. అలాంటివి నలభై దాకా పట్టుకున్నాడు. గీటురాయి మీద ముద్ర ముక్కనీ, మిగతా వలయాన్నీ విడివిడిగా గీశాడు. ఆమ్లం చుక్క వేస్తే రెండు గీతలూ ఒకే రంగులో నిలిచాయి.

అతుకుల పనివాడు తొంగి చూసి, "బిగిసిపోతే కోసి తీసుంటారన్నా. ముక్కా అదే, ఒళ్లూ అదే," అన్నాడు.

"చేసినవాడు తెలివైనవాడు. అదే రకం బంగారం వాడాడు," అన్నాడు అద్దంగారు.

పనివాడు జాలిగా చూసి తన పొయ్యి దగ్గరికి పోయాడు.

ఐదింటికే ఇల్లు చేరాడు. ఆమె మంచం మీద బట్టలు మడతపెడుతోంది.

"అసలుది ఎవరికిచ్చావు? మీ చెల్లెలికా?"

"ఏమిటండీ?"

"ముద్రకి రెండు పక్కలా అతుకులున్నాయి. నా దగ్గరా నాటకం?"

ఆమె చేతిలోని చొక్కా మడత పూర్తిచేసి పక్కన పెట్టింది.

"ఇరవై రెండేళ్ల కింద కందిరీగ కుట్టింది. మీరు ఎవరింట్లోవో నగలు చూడ్డానికి వారం రోజులు ఊరెళ్లారు. చెయ్యి రొట్టెలా ఉబ్బింది. ఉంగరం మాంసంలోకి దిగిపోయింది. పక్కింటావిడ ఆసుపత్రికి లాక్కుపోయింది. కోసెయ్యాలన్నాడు డాక్టరు. ఏది అని అడిగాను."

అతను జేబులోని పొట్లం తడుముకున్నాడు.

"వేలా, ఉంగరమా అని. ఆయన నవ్వాడు. నేను నిజంగానే అడిగానండీ. ఒకచోట కోస్తే రాలేదు, రెండోచోటా కోశారు. మీరొచ్చేలోపు అతికించుకున్నాను."

"మరి నాకు..."

"కట్టు చూసి చాకుతో తెగిందా అన్నారు. అవునన్నాను."

"అంటే అబద్ధం చెప్పావు."

"చెప్పాను." ఆమె చెయ్యి చాపి దీపం కింద పెట్టింది. ఉంగరం దిగిపోయిన చోట వేలి చుట్టూ తెల్లటి గాటు మచ్చ. ముప్ఫై ఏళ్లుగా అన్నం పెడుతున్న చెయ్యి.

ఆ చేతిని పట్టుకుంటే సరిపోయేది. అతను జేబులోంచి భూతద్దం తీశాడు. కంటికి ఆన్చి, వంగి, వేలిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంచులు మెత్తబడ్డాయి. పాతదే," అన్నాడు. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. "ఇరవై ఏళ్లు దాటే ఉంటుంది."

"నకిలీది కాదుగా?"

"కాదు."

"సరే అయితే," అని ఆమె నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

మడతపెట్టిన బట్టల్లోంచి తనవి ఏరి సంచిలో సర్దింది. ఆరున్నర బస్సుకి చెల్లెలి దగ్గరికి వెళ్తున్నానంది. ఎన్నాళ్లని అడిగితే తెలియదంది. అతను ఉంగరం తీసి చూపించాడు.

"నాకది పట్టదుగా," అంది చెప్పులు వేసుకుంటూ.

నిజంగా బస్సే ఎక్కుతుందా అని కిటికీలోంచి చూశాడు. ఆమె వీధి చివర నిలబడింది, బస్సొచ్చింది, ఎక్కింది. వెనక్కి తిరగలేదు. బస్సు మలుపు తిరిగాక అతని చూపు కిటికీ గట్టు మీద పడింది. కీళ్లనొప్పుల పూతమందు గొట్టం ఒకటి అక్కడుంది. అడుగునుంచి మెడదాకా చుట్టలు చుట్టుకుపోయి, మూత లేకుండా, చివరి బొట్టు కోసం ఆమె బొటనవేలు నొక్కిన చోట సొట్టపడి.