వాడినవారి పేరు

"ఈ కాగితం నోటీసు బోర్డుకి పెట్టమ్మా, పిల్లలందరికీ కనపడేలా," అని ప్రొఫెసరు గారు ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. పిల్లలంటే పరిశోధన విద్యార్థులు. ఆమె ల్యాబ్ టెక్నీషియన్. ఆమెకి కనపడినా కనపడకపోయినా ఒకటే.

పిన్నులు గుచ్చుతూ చదివింది. భౌతికశాస్త్రం, జీవశాస్త్రం రెండూ కలిపి చేసే పీహెచ్‌డీ. నాలుగేళ్ళు, ఉపకార వేతనంతో. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, జీవకణాలతో పని తెలిసినవాళ్ళకి ప్రాధాన్యం. వయోపరిమితి లేదు. గడువు శుక్రవారం సాయంత్రం ఐదింటికి. నాలుగో పిన్ను వేళ్ళ మధ్యే ఉండిపోయింది. ఎమ్మెస్సీ తనది అదే. ఏడేళ్ళుగా ఆ కణాల ఆలనాపాలనా చూస్తున్నదీ తనే. ఎదురుగా కూర్చోబెట్టి తన గురించే రాసినట్టుందే!

ఆ ల్యాబ్‌లో లేజరు కాంతితో ఒక్క రక్తకణాన్ని పట్టుకుని, సాగదీసి, అదెంత మెత్తగా ఉందో కొలిచే యంత్రం ఒకటుంది. దాని అద్దాలు సరిచేయడం, దాని అలకలు తీర్చడం ఆమె ఒక్కర్తికే తెలుసు. కణాన్ని ఒకసారి సాగదీసి వదిలితే టక్కున సర్దుకుంటుంది. రెండోసారి సాగదీస్తే మాత్రం కొన్ని మొరాయిస్తాయి, నింపాదిగా వెనక్కొస్తాయి. విద్యార్థులకి మొదటి కొలత చాలు, రెండోది అక్కర్లేదు. ఆ కొన్ని కణాలే ఎందుకలా చేస్తాయని ఆమె మూడేళ్ళుగా బుర్ర బద్దలుకొట్టుకుంటోంది. కూరగాయలు తరుగుతున్నా అదే ధ్యాస, అత్తగారి మాత్రలు డబ్బాలో సర్దుతున్నా అదే ధ్యాస. ఆ ప్రశ్న ఆమె సొంతం. ఆ ఇంట్లో బీరువాలో ఒక అర కూడా అంత సొంతం కాదు.

ఇంట్లో చెప్పింది. భర్త ఫోన్లోంచి తలెత్తలేదు. "ఈ వయసులో పీహెచ్‌డీ ఏంటే? సరేలే, నిన్నెవరు వద్దన్నారు, చేసుకో. ఇంట్లో పనికి మాత్రం ఇబ్బంది రాకూడదు." అబ్బో, ఎంత పెద్ద మనసో! ఆయన ఎంబీయే చదివిన రెండేళ్ళూ కాఫీ కప్పు కూడా చప్పుడు కాకుండా బల్లమీద పెట్టింది ఈవిడే. "అయితే నిన్నింక డాక్టరు గారూ అనాలేమో! ముందు నా మోకాళ్ళు బాగుచెయ్యి తల్లీ," అన్నారు అత్తగారు. తల్లీకొడుకులు పగలబడి నవ్వారు. అలవాటు చొప్పున ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వినందుకే రెండు రోజులు తనమీద తనకే ఒళ్ళు మండింది.

యంత్రం మీద స్వయంగా పనిచేసినట్టు రుజువు జతచేయమన్నారు దరఖాస్తులో. ల్యాబ్ పెద్ద ఇచ్చిన ఉత్తరమైనా సరే, యంత్రం దగ్గరి రికార్డు పుస్తకమైనా సరే. శుక్రవారం పొద్దున్నే ఏడేళ్ళ రికార్డు పుస్తకాలు నాలుగూ చంకనెత్తుకుని ప్రొఫెసరు గారి గదికి వెళ్ళింది.

"నువ్వా?" అన్నారాయన. "నువ్వెళ్ళిపోతే ల్యాబ్ ఏమైపోవాలమ్మా? నీ అంత చెయ్యి తిరిగినవాళ్ళు నాకెక్కడ దొరుకుతారు?" పొగడ్తే మరి, కాదనడానికి లేదు. తర్వాత పుస్తకం తిరగేసి, "అయినా ఇందులో నీ పేరేదీ?" అన్నారు.

నిజమే, లేదు. 'వాడినవారి పేరు' అన్న గడిలో ఏడేళ్ళుగా అన్నీ విద్యార్థుల పేర్లే. యంత్రం ముందు ఎవరు కూర్చున్నా, ప్రయోగం ఎవరిదో వాళ్ళ పేరు రాయడం ఆ ల్యాబ్ ఆనవాయితీ. "అక్కా, నాకు క్లాసుంది, నువ్వు కానిచ్చేసి నా పేరు రాసెయ్," అనేవాళ్ళు. అక్క కదా, రాసేసేది! గంటలకి గంటలు చీకటి గదిలో కళ్ళు మంటలెత్తేలా కూర్చుని, చివర్లో పక్కవాళ్ళ పేరు గుండ్రంగా, అందంగా రాసేది. తన చేత్తో తనే తనని లేకుండా చేసుకుంది.

"సాయం చేసిందని రాసిస్తాలే," అన్నారు ప్రొఫెసరు గారు.

సాయమట! ఇంట్లో ఆయనగారు ఏడాదికోసారి తిన్న కంచం సింకులో పడేస్తే అది సాయం. ఇక్కడ తన ఏడేళ్ళ చాకిరీ కూడా సాయమే. అరికాలి మంట నెత్తికెక్కింది. "వద్దు సార్," అంది. ఆ ల్యాబ్‌లో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. ఆయన కళ్ళజోడు తీసి చూశారు.

మధ్యాహ్నం అన్నం మానేసి పుస్తకాల పేజీలన్నీ ఫోటోలు తీసింది. ఒక తెల్లకాగితం తీసుకుని, టైపు చేయకుండా చేత్తోనే రాసింది. "ఈ పుస్తకాల్లో పేర్లు పదకొండు. చేతిరాత ఒక్కటే. ఈ ఉత్తరం రాసిందీ ఆ చెయ్యే. పక్కపక్కన పెట్టి చూసుకోండి." కింద తన ప్రశ్న రాసింది, ఒకటిన్నర పేజీ. దాన్నీ ఫోటో తీసి, దరఖాస్తుతో కలిపి నాలుగూ నలభైకి పంపేసింది. సీటు వస్తుందో రాదో దేవుడికెరుక. కడుపులో మాత్రం ఆకలి కరకరమంది.

అంతలో ఒక విద్యార్థిని తొంగిచూసింది. "అక్కా, నా శాంపిల్ రెడీ. కాస్త కానిచ్చేసి నా పేరు రాసెయ్యవా?"

"ఇవాళ కుదరదమ్మా. యంత్రం ఖాళీ లేదు."

"అదేంటి, ఎవరూ లేరుగా! ఎవరి ప్రయోగం?"

ఆమె పుస్తకం దగ్గరికి లాక్కుంది. 'వాడినవారి పేరు' అన్న చోట, పుట్టింటి ఇంటిపేరుతో సహా తన పేరు రాసింది. గడి చాలలేదు. పక్క గడిలోకి కూడా రాసింది.