పగులు మీది కాగితం

నిద్రపోతున్న నా బిడ్డ మీద ఇంటికప్పు కూలుతుందేమోనని నా భయం. ఇంతకన్నా పెద్ద భయం నాకు లేదు.

మేం కిరాయికున్నది అశోక్‌నగర్‌లో, కిషన్ రావుగారి ఇంటి వెనక గదిలో. వాళ్ల నాన్న 1959లో కట్టించిన చిన్న ఇల్లు అది. గుండ్రంగా తిరిగిన వరండా, గాలి కోసం సిమెంటు జాలీలు, కాళ్లకు చల్లగా తగిలే మొజాయిక్ గచ్చు. ఈ 2012 ఎండాకాలంలో దాని మీద రెండంతస్తులు వేయడం మొదలుపెట్టారు. గ్రూప్స్‌కు చదివే పిల్లలకు హాస్టలట. బడులు తెరిచే వేళకు, కింద భోజనాల హాలు కోసం మా గదిని ఆనుకుని ఉన్న రెండు గదుల మధ్య గోడ కొట్టేశారు.

మేస్త్రి మొగిలయ్యను అడిగాను.

"అన్నా, ఈ ఇంటికి పిల్లర్లు లేవు. గోడల మీదనే నిలవడ్డది. గోడ తీస్తే స్లాబ్ దేని మీద ఉంటది?"

"ఓహో, ఇంజనీరమ్మ వచ్చింది! ఇనుప దూలం పెట్టినం కద, కనవడ్తలేదా?"

"దూలం సన్నగుంది."

"నువ్వు సన్నగ లేవా? సంసారం మోస్తలేవా?"

కూలీలంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఏడో తరగతిలో బడి మానిపించి నాన్న నన్ను తన వెంట తాపీపనికి తీసుకుపోయాడు. ఇటుకలు అందిస్తూనే కొన్ని సంగతులు నేర్చుకున్నాను.

మూడో రోజు మా కిటికీ పైమూల నుంచి కప్పు దాకా వెంట్రుకంత పగులు కనిపించింది. నాన్న చేసినట్టే చేశాను. నాలుగేళ్ల మా వీణ గీతల నోటుబుక్కులోంచి కాగితం ముక్క చించి, మైదా ఉడికించి ఆ జిగురుతో పగులుకు అడ్డంగా అంటించి, తేదీ వేశాను. పగులు కదిలితే కాగితం చిరుగుతుంది. చిరగకపోతే భయం లేదు.

ఐదు రోజులు చిరగలేదు. "చూసినవా స్వరూపా? ఉత్తగనే పరేషాన్ అయితున్నవ్" అన్నాడు మా ఆయన ప్రేమ్‌సాగర్.

ఆరో రోజు వీణను బడి నుంచి తెచ్చి చూశాను. కాగితం బాగానే ఉంది. కానీ దాని మీద గీతల్లేవు. తేదీ అదే, అంకెల రాత మాత్రం నాది కాదు. పైగా తలకిందులుగా ఉంది.

రాసినవాళ్లకు చదువొచ్చు. అంటించినవాళ్లకు రాదు. మా గదికి ఇంకో తాళంచెవి ఇంటివాళ్ల దగ్గరే ఉంటుంది.

సిమెంటు మాల్ మోసే సమ్మక్క మనవరాలితో ఆ వరండాలోనే పడుకుని ఇంటికి కాపలా ఉండేది. ఆమెకు చదువు రాదు. ఆమెనే అడిగాను.

"అక్కా, మా గదిల కాయిదం నువ్వే అంటించినవా?"

ఆమె దాచలేదు. "అవ్ చెల్లె. మేస్త్రి ఇచ్చిండు. పాతది చినిగింది, చూస్తే స్వరూప బుగులు పడ్తది, కొత్తది అంటియ్యమన్నడు. ఏందది, దిష్టి కాయిదమా?"

దిష్టిది కాదని, అది చిరగనంత కాలం గోడకు భయం లేదని చెప్పాను. పాతది ఇసుక కుప్ప పక్కన దొరికింది. సరిగ్గా నడిమికి చిరిగి ఉంది. కిషన్ రావుగారికి చూపించాను.

"కాయిదమే కదమ్మా, గాలికి చినుగుతది."

"గాలికైతే కొత్తది ఎందుకు అంటిచ్చిన్రు సార్?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అంత భయమైతే ఖాళీ చెయ్యుండ్రి."

ఆ సాయంత్రమే మా ఆయన్ని ఒప్పించి, వీణను ఎత్తుకుని నల్లకుంటలో మా అక్క ఇంటికి వచ్చేశాను. మిగిలిన సామాను కోసం మర్నాడు వెళితే, మా గదిలో సమ్మక్క చాప పరుస్తోంది.

"సారు మాకే ఇచ్చిండు చెల్లె. వానలకు వరండ తడుస్తది, పోరికి జలుబైతది."

"వద్దక్కా, ఈ గదిల పండుకోకుండ్రి. గోడ కదుల్తున్నది."

ఆమె నన్ను వింతగా చూసి పైకి చెయ్యి చూపించింది. "కాయిదం మంచిగనే ఉంది కద!"

ఆ కాగితాన్ని నమ్మడం ఆమెకు నేర్పింది నేనే. దాన్ని పీకబోతే మొగిలయ్య వచ్చి నన్ను బయటికి నడిపించాడు. తర్వాత రెండుసార్లు వెళ్లాను. గేటు తియ్యలేదు. పైన ఇంకో స్లాబ్‌కు సెంట్రింగ్ కర్రలు లేస్తున్నాయి.

చిక్కడపల్లి లైబ్రరీకి వచ్చిపోయేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, జర అశోక్‌నగర్ దాకా నడవండి. గుండ్రటి వరండా, ఆకుపచ్చ గేటు. మిమ్మల్నైతే హాస్టల్ చూడటానికి వచ్చారనుకుని రానిస్తారు. వెనక గదిలో సమ్మక్క, ఆమె మనవరాలు ఎలా ఉన్నారో చూడండి. కాగితం బాగుందని ఆమె చెప్పినా వినకండి. దాన్ని పీకి, వెనక పగులు ఎంతుందో ఆమెకు చూపించండి.