పేజీకో ముద్ద

నా పేరు కేశవ. పేరులో ఉన్న కేశాలు నెత్తి మీద లేవు. వయసు యాభై దాటింది, వాయిస్ మాత్రం పాతిక దగ్గరే ఆగిపోయింది. బళ్ళారి బెంగళూరు రోడ్డు బజారులో మాది పుస్తకాల అంగడి. నేను గిరాకీతో మాట్లాడితే ఎదురంగట్లో గాజులు గలగలమంటాయని ఆ అంగడాయన ఫిర్యాదు. అట్లాంటి నోరు ఒక మధ్యాహ్నం దేశనూరులో, నాలుగేళ్ళ పిల్లవాడి ఎదుట మూతబడింది.

పిల్లల పుస్తకాల విషయంలో నాకు పొగరెక్కువ. వయసు చెబితే చాలు, పుస్తకం చేతిలో పెడతాను. రెండేళ్ళకైతే కొరికినా చిరగని అట్ట పుస్తకం, అందులో పేజీకో బొమ్మ, బొమ్మకో మాట. నాలుగేళ్ళకు అదే మాట మళ్ళీ మళ్ళీ వచ్చే కథ. ఎనిమిదేళ్ళకు కడుపుబ్బ నవ్వించేది. పన్నెండేళ్ళకు అన్నానికి పిలిచినా వినబడనంత లోతుకు లాక్కుపోయేది. బీరువాల మీద వయసుల చీటీలు కూడా అంటించాను. పెళ్ళిచూపుల్లో కూడా వయసుకు అంత మర్యాద దొరకదు.

ఈ పేరు నమ్ముకునే చక్రధర్ వచ్చాడు. దేశనూరు రైతు. పొలం ఉంది, సండూరు గనుల్లో లారీలూ తిరుగుతాయి. ఆయన మోసేది ఖనిజం, నేనమ్మేది కథలు. అందుకని, నిజం నీ దగ్గర, అబద్ధం నా దగ్గర అని ఎప్పుడూ ఏడిపిస్తాను. ఆ రోజు నవ్వలేదు.

"కేశవన్నా, మా చిన్ను అన్నం తినడం ల్యా."

"డాక్టరు పక్క సందులో ఉండాడప్పా. ఈడ దొరికేది మేత కాదు, మెదడుకు మేత."

"డాక్టరుకు చూపించినాం. కడుపులో ఏమీ లేదన్నాడు. మా పెద్దది యశస్విని పుస్తకం చదివితేనే వాడు నోరు తెరుస్తాడు. పేజీకో ముద్ద. అది సోమవారం ఈడికే హాస్టలుకు వస్తాండాది. రెండోది అనూష చదివితే పెదాలు బిగబట్టుకుంటాడు. వాళ్ళమ్మకేమో ఆస్పత్రిలో నర్సు డ్యూటీ, పగలు ఇంట్లో ఉండదు. మా అమ్మకు అక్షరం రాదు. అనూష చదివితే వాడు తినేట్ల పుస్తకం ఇయ్యి."

"వాడి వయసెంత? ఇంట్లో ఏం మాట్లాడతారు?"

"నాలుగు. తెలుగే."

నాలుగేళ్ళ బీరువాలోంచి మంచి మంచి తెలుగు పుస్తకాలు ఒక సంచీ నింపాను. ఆదివారం అంగడి బందు కాబట్టి నేనే వస్తానన్నాను. ఆగి, తెలుగో కన్నడో చూడకుండా కనపడిన పుస్తకాలు మరో నాలుగు కూడా సంచీలో దోపాను. సంచీ బరువెక్కితే నాకు ధైర్యం.

ఆ ఆదివారం మధ్యాహ్నం చక్రధర్‌తో కలిసి నేను దేశనూరు పోయేసరికి ఆయన తల్లి యశోదమ్మ పప్పన్నం కలిపిన పళ్ళెంతో నడవలో కూర్చుని ఉంది. ఎదురుగా చిన్ను. చేతులు కట్టుకుని, బ్యాంకు మేనేజరు లాగా.

"రాప్పా కేశవప్పా. నీ సంచీలో వీనికి ఆకలి ఉందేమో చూడు," అందామె.

ఎనిమిదేళ్ళ అనూషకు ఒక పుస్తకం ఇచ్చాను. తెరిచింది. చూసింది. మూసింది.

"మామా, ఇది తెలుగు. నాకు తెలుగు చదవను రాదు. మా ఇస్కూలు కన్నడ."

తినేవాడి భాష అడిగాను గానీ చదివేదాని లిపి అడగలేదు. ఈ సరిహద్దులో ముప్పై ఏళ్ళుగా పుస్తకాలమ్ముతున్న వాణ్ణి.

పోయిన పరువు దక్కించుకుందామని నేనే చదివాను. సింహం వచ్చిన చోట సింహం లాగా గర్జించాను. దొడ్లో బర్రె జవాబిచ్చింది. చిన్ను మాత్రం రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"చాలప్పా," అంది యశోదమ్మ. "ఉన్న ఆకలి కూడా పారిపోతాది."

అప్పుడు లోపల పెట్టె సర్దుకుంటున్న యశస్విని వచ్చింది. పన్నెండేళ్ళది. చేతిలో అట్ట ఊడిపోయిన పాత పుస్తకం. తమ్ముడి పక్కన కూర్చుని తెరిచింది.

"ఎలుగొడ్డు సండూరు గుట్ట దిగి వస్తాండాది. కాళ్ళకంతా ఎర్రమన్ను. రోడ్డు మీద నాయన లారీ. ఎలుగొడ్డు అడ్డం నిలబడి, యాడికప్పా పోతాండావు, నన్నూ ఎక్కించుకో అనె."

చిన్ను నోరు తెరుచుకుంది. ముద్ద లోపలికి పోయింది. పేజీ తిరిగింది. మళ్ళీ ముద్ద.

ఇంత చక్కటి తెలుగు పుస్తకం నా అంగట్లో ఎట్లా లేకుండా పోయిందా అని అసూయతో ఆమె భుజం మీదుగా తొంగి చూశాను. పేజీలో ఉన్నది కన్నడ. 'కరడి బెట్ట ఇళియితు.' ఎలుగుబంటి కొండ దిగింది. అంతే. సండూరు లేదు, ఎర్రమన్ను లేదు, లారీ అసలే లేదు.

కన్ను కన్నడలో, నోరు తెలుగులో. మధ్యలో ఎక్కడా తడబాటు లేదు. నాకు ఆ రెండూ వచ్చు. ఒకదాన్ని చూస్తూ రెండోదాన్ని అట్లా, మాట మీద మాట తేలిపోయేట్టు, ఊపిరి తీసుకున్నంత సులువుగా పలకడం నా వల్ల కాదు. దాన్ని ఎవరూ ఆమెకు నేర్పలేదు. వినే తమ్ముడికీ అవ్వకూ కన్నడ రాదు కాబట్టి వచ్చేసింది. నా ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తల మీద కూడా ఉన్నాయేమోనని తడుముకున్నాను.

"నేనూ అదే పుస్తకం చదివినా మామా," అంది అనూష నీళ్ళు నిండిన కళ్ళతో. "ఉన్నది ఉన్నట్ల చదివితే వీనికి అర్థం కాదు. తెలుగులో చెప్దామంటే ఒక్కో మాట కాడ నిలబడిపోతా. అంతలోకి నోరు మూసేస్తాడు."

నేను సంచీ అడుగుదాకా చెయ్యి పెట్టాను. రెండేళ్ళ బీరువాలోది ఒక కన్నడ అట్ట పుస్తకం తగిలింది. కాలువ, గట్టు, బాతుపిల్ల. పేజీకి ఒకే మాట.

"ఇది చంటిపిల్లలది," అంది అనూష మొహం ముడుచుకుని.

"అవునమ్మా. దీంట్లో మాటలు తక్కువ, జాగా ఎక్కువ. ఆ జాగాలో ఏముందో నాకు తెలీదు. నువ్వే చూసి చెప్పాల."

ఆమె చాలాసేపు బొమ్మనే చూసింది. పేజీలో ఉన్న మాట 'నీరు'.

"కాలువకు నీళ్ళు వదిలినారంట," అంది మెల్లగా. "మన మడికి ఇంకా రాలే. బాతుపిల్ల... బాతుపిల్ల ముందే పోయి చూసొస్తానని అవ్వకు చెప్పకుండా పాయ."

"నాకు చెప్పకుండానా?" అంది యశోదమ్మ, ముద్ద పట్టుకుని.

చిన్ను నవ్వాడు. నవ్విన నోట్లోకి ముద్ద పోయింది. అనూష పేజీ తిప్పింది. ఆమె గొంతు పేజీ పేజీకీ పెద్దదవుతూ వచ్చింది. చక్రధర్ గుమ్మంలోనే నిలబడిపోయాడు, చెప్పులు విప్పడం మర్చిపోయి. నేను ఒక్క శ్లేష కూడా వెయ్యలేదు. నాకు తోచలేదు.

పళ్ళెం ఖాళీ అయ్యేసరికి యశస్విని నా పక్కకు వచ్చి నిలబడింది. పాత పుస్తకం తమ్ముడి ఒడిలో పెట్టేసింది.

"మామా, నాకూ ఒకటి ఇస్తావా? హాస్టలుకు."

నీ వయసెంత అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. "ఎట్లాంటిది కావాలమ్మా?"

ఆలోచించింది. "ఎవురికీ చదివి వినిపించకుండా, నా మటుకు నేను చదువుకునేది. ఇన్నాళ్ళూ చిన్నుగాడివే చదివినా."

సంచీలో అన్నిటికన్నా లావుగా ఉన్నది, సముద్రం మీద తప్పిపోయిన ఒక పిల్ల కథ, కన్నడలోది, ఆమె చేతికిచ్చాను. స్తంభానికి ఆనుకుని తెరిచింది. మొదటి పేజీలో పెదాలు కదిలాయి, అలవాటు కొద్దీ. రెండో పేజీకి ఆగిపోయాయి.

"యశూ, అన్నానికి రా," అని పిలిచింది యశోదమ్మ.

పిల్లకు వినబడలేదు. ఇంకోసారి పిలవబోతుంటే, వద్దని నేను చెయ్యి అడ్డం పెట్టాను.